దవడ ఎక్స్‌రేలో ఏదో మచ్చ ఉందన్నారా? సూది, కత్తి పట్టుకునే ముందు చూడాల్సినవి

పోయినేడు ఒకావిడ వచ్చింది, 42 ఏళ్ళు, కింది ముందు పళ్ళలో రెండింటికి రూట్ కెనాల్ అయిపోయింది, అందులో ఒకదానికి రెండుసార్లు. అంత నొప్పి ఉండేదా అమ్మా అంటే నొప్పా, ఒక్కరోజు కూడా లేదు సార్ అంది. ఇంకేదో పన్ను కోసం ఎక్స్‌రే తీస్తే ఈ పళ్ళ వేర్ల చివర నల్లగా గుండ్రంగా కనబడిందంట, చీము పట్టిందని మొదలుపెట్టారు, ఆర్నెల్లకి మళ్ళీ తీస్తే ఆ నలుపు అలాగే ఉంది, సరిగ్గా క్లీన్ అవ్వలేదేమో అని మళ్ళీ తెరిచారు. నేను చేసిందల్లా ఏంటంటే, ఇంకా ఎవరూ ముట్టుకోని పక్క పన్నుకి కోల్డ్ స్ప్రే కొట్టిన దూది పెట్టా. జివ్వుమని తల వెనక్కి లాక్కుంది. ఆ పన్ను వేరు కింద కూడా అదే నలుపు ఉంది మరి. పన్ను శుభ్రంగా బతికుంది, కింద నలుపు ఉంది, అంటే ఆ నలుపు పన్నులోంచి వచ్చింది కాదు. సిమెంటో ఆసియస్ డిస్‌ప్లేసియా అంటారు, ఎముకలో వచ్చే ఒక మార్పు, నడివయసు ఆడవాళ్ళలో సరిగ్గా ఆ చోటే ఎక్కువ కనబడుతుంది, దానికి వైద్యం ఏం చెయ్యకుండా ఉండటమే.

నేను ఓరల్ మెడిసిన్ అండ్ రేడియాలజీ చదివినవాణ్ణి, రోజంతా దవడ ఎక్స్‌రేలు చూడ్డమే పని. ఇది హౌస్ సర్జన్లకీ, చిన్న ఊళ్ళో క్లినిక్ పెట్టుకున్నవాళ్ళకీ ఎక్కువ పనికొస్తుంది, కానీ రిపోర్ట్‌లో ట్యూమర్ అనే మాట చూసి నిద్రపట్టక ఫోన్లో వెతుక్కుంటున్న పేషెంట్లు కూడా చదవండి, మీకు కావాల్సినవీ మధ్యమధ్యలో ఉన్నాయి. ట్యూమర్ అన్నంత మాత్రాన క్యాన్సర్ అని అర్థం కాదు, గడ్డ అని అంతే. దవడ ఎముకలో కనబడేవాటిలో చాలావరకు బినైన్, అంటే ఒంట్లో వేరేచోటికి పాకనివే. అలాగని అన్నీ ఊరుకునే రకం కాదు, అమెలోబ్లాస్టోమా పేరుకి బినైనే గానీ వదిలేస్తే సగం దవడ గుల్ల చేసేస్తుంది. అందుకే ఫిల్మ్ చేతిలోకి తీసుకోగానే దీని పేరేంటి అని బుర్ర గోక్కోకండి, దీన్ని ముట్టుకోవచ్చా, ముట్టుకుంటే ముందు ఏం తెలుసుకోవాలి, అదీ చూడాల్సింది. పేరు నెమ్మదిగా వస్తుంది, ఒక్కోసారి ఫిల్మ్ మీద రానే రాదు.

ముందు మనిషిని చూడండి

ఎప్పట్నుంచి ఉంది, పెరుగుతోందా, ఎంత తొందరగా. పెళ్ళి ఫోటోలు అడగండి, నిజంగా, పదేళ్ళ కిందటి ఫోటోలో కూడా ఆ బుగ్గ కొంచెం ఎత్తుగా ఉంటే అది నెమ్మదిగా పెరిగే రకం అని సగం తేలిపోతుంది. నొప్పి ఉందా అని అందరూ అడుగుతారు గానీ కింది పెదవి, గడ్డం మొద్దుబారిందా అని అడగరు. బినైన్ గడ్డలు ఎంత పెద్దవైనా నరాన్ని పక్కకి తోస్తాయి తప్ప మామూలుగా తిమ్మిరి తెప్పించవు. పెద్ద గాయం లేదు, ఆపరేషన్ అవ్వలేదు, చీము లేదు, అయినా గడ్డం ఒకవైపు తిమ్మిరి అంటే భయపడాల్సిందే, రొమ్ము, ఊపిరితిత్తి, కిడ్నీ, ప్రొస్టేట్ క్యాన్సర్లు దవడకి వచ్చినప్పుడు మొదట కనబడేది ఒక్కోసారి అదే.

చేత్తో నొక్కి చూడండి, బయట బుగ్గవైపూ లోపల నాలుకవైపూ రెండూ. రాయిలా గట్టిగా ఉందా, నొక్కితే గుడ్డు పెంకులా చిటపటమంటోందా, మెత్తగా లోపలికి పోతోందా. ఎముక పలచబడి పెంకులా మిగిలిందంటే లోపల చాన్నాళ్ళుగా ఏదో పెరుగుతోందన్నమాట. పళ్ళు కదిలించి చూడండి, చిగుళ్ళ జబ్బు లేకుండా రెండు మూడు పళ్ళు ఊగుతుంటే అనుమానించాలి. ఇంకొకటి ఉంది, పన్నుని కిందికి నొక్కితే దిగి, వదిలితే మెల్లగా మళ్ళీ పైకి లేచి వస్తే, లేదా ఆ పన్ను చుట్టూ చిగురులోంచి ఊరికే రక్తం కారుతుంటే, దాని మీద చెయ్యి తీసెయ్యండి. దాని సంగతి సూది దగ్గర చెప్తా.

అంగిలి మధ్యలో గట్టిగా బుడిపెలా ఉండేది, నాలుక కింద రెండు వైపులా సమానంగా ఉండే బుడిపెలు, వీటిని టోరస్ అంటారు, గడ్డ అనుకుని పరిగెత్తుకొచ్చేవాళ్ళు నెలకి ఒకరైనా ఉంటారు. ఏళ్ళ మీద మెల్లగా పెరిగే మామూలు ఎముక తీరు అది, కట్టుడు పళ్ళకి అడ్డం వస్తే తప్ప తీయక్కర్లేదు. కాకపోతే శ్రీకాకుళం, విశాఖ వైపు అడ్డపొగ తాగే పెద్దావిడ అంగిలి చూపిస్తే మాత్రం టోరస్ అని నవ్వి పంపించెయ్యొద్దు, చుట్ట నిప్పు నోట్లోపల పెట్టుకుని తాగితే అంగిలికే క్యాన్సర్ వస్తుంది. పైన పొర నున్నగా గులాబీ రంగులో ఉందా, తెల్లగా పుండు పడి గరుకుగా ఉందా లైటు వేసి చూడండి. గుట్కా నమిలేవాళ్ళ బుగ్గ పుండు ఎముకలోకి దిగడం కూడా ఇలాగే, అక్కడ ఎముకలోని నలుపు లోపల పుట్టింది కాదు, బయట్నుంచి తిన్నది.

తర్వాత పళ్ళు. అనుమానం ఉన్న చోట ప్రతి పన్నుకీ చల్లది పెట్టి చూసి, బతికుందో లేదో కేస్ షీట్‌లో ఒక్కొక్కదానికీ రాయండి. కోల్డ్ స్ప్రే లేకపోతే ఐసు ముక్క చాలు. రెండు నిమిషాల పని, ముందు చెప్పిన ఆవిడకి రెండు పళ్ళు మిగిలేవి. వేరు చివర గుండ్రంగా నలుపు, పైన పుప్పి, పన్ను చచ్చిపోయింది, అప్పుడది మామూలు రాడిక్యులర్ సిస్టో (సిస్ట్ అంటే నీటి సంచి) గ్రాన్యులోమానో, దవడ సిస్టుల్లో అన్నిటికన్నా ఎక్కువ వచ్చేది అదే.

ఓపీజీ తీయించడం

మొదటి ఫోటో ఓపీజీనే, అంటే దవడ మొత్తం ఒకేసారి తీసే ఎక్స్‌రే. రెండు దవడలూ, అన్ని పళ్ళూ, కీళ్ళూ ఒకే ఫిల్మ్‌లో వస్తాయి, డోసు 0.02 మిల్లీసీవర్ట్ చుట్టుపక్కల, అంటే మన చుట్టూ గాల్లో, నేలలో సహజంగా ఉండే రేడియేషన్ మూడు నాలుగు రోజుల్లో మనకి ఇచ్చేంత. దీనికి భయపడి ఆగక్కర్లేదు. అయితే మన దగ్గర వచ్చే ఓపీజీల్లో నూటికి ఎన్ని సరిగ్గా ఉంటాయి అంటే నన్ను అడక్కండి. కమ్మలు, ముక్కుపుడక, సైడు పిన్నులు, పుస్తెలతాడు, కట్టుడు పళ్ళు అన్నీ తీయించాలి, పుస్తెలతాడు తీయమంటే పెద్దవాళ్ళు ఒప్పుకోరు, ఇంట్లోవాళ్ళ చేత చెప్పించుకోండి. కుడి చెవి కమ్మ తీయకపోతే దాని దెయ్యం నీడ ఎడమవైపు, కొంచెం పైకి, మసగ్గా పడుతుంది, ఎడమ పై దవడలో తెల్ల గడ్డ అని రిపోర్ట్ రాసినవాళ్ళని చూశా. నాలుక అంగిలికి ఆనించి ఉంచమనాలి, లేకపోతే పై పళ్ళ వేర్ల మీద నల్లటి పట్టీ పడి అక్కడున్నదంతా మింగేస్తుంది. మధ్యలో ముందు పళ్ళ దగ్గర మెడ ఎముక నీడ ఎలాగూ పడుతుంది కాబట్టి అక్కడ అనుమానం ఉంటే నోట్లో పెట్టి తీసే చిన్న ఐఓపీఏ ఫిల్మ్ వేరేగా తీయించండి. గడ్డ ఏ వైపుకి ఉబ్బిందో చూడాలంటే పళ్ళ మధ్య కరిచిపట్టి తీసే ఆక్లూజల్ ఫిల్మ్, పాత పద్ధతే, ఖర్చు తక్కువ, ఇప్పుడు ఎవరూ తీయట్లేదు, పాపం.

ఇంకో సంగతి, ఎముకలో ఖనిజం 30 నుంచి 50 శాతం పోతే గానీ మామూలు ఎక్స్‌రేలో నలుపుగా కనబడదు. ఫిల్మ్‌లో ఏం లేదు అంటే లోపల ఏం లేదని కాదు.

ఫిల్మ్ మీద కళ్ళు ఎలా తిప్పాలి

నా వరుస ఇది, మీకు వేరేది అలవాటైతే మంచిదే, కానీ రోజూ అదే వరుస పాటించండి. ముందు ఎక్కడుంది. కింది దవడలో నరం వెళ్ళే కాలువ ఉంటుంది కదా, దానికి పైన ఉంటే పళ్ళకి సంబంధించినది కావచ్చు, కింద ఉంటే పళ్ళకి సంబంధం దాదాపు ఉండదు. దవడ మూల దగ్గర, కాలువకి కింద, కోడిగుడ్డు ఆకారంలో నల్లగా, చుట్టూ తెల్లటి గీతతో ఉంటే అది స్టాఫ్నే డిఫెక్ట్, 1942లో ఎడ్వర్డ్ స్టాఫ్నే అనే ఆయన రాశాడు కాబట్టి ఆ పేరు. అది గడ్డా కాదు సిస్టూ కాదు, నాలుకవైపు ఎముకలో చిన్న గుంట, అందులో లాలాజల గ్రంథి ఒదిగి ఉంటుంది. ఏం చెయ్యక్కర్లేదు. దాన్ని తెరిచి చూస్తే లోపల మామూలు గ్రంథి కనబడి అందరూ మొహాలు చూసుకుంటారు.

తర్వాత అంచు. ఎక్కువసేపు ఇక్కడ ఉండండి, నా లెక్కలో సగం డయాగ్నసిస్ అంచులోనే ఉంది. సన్నటి తెల్ల గీత గీసినట్టు ఉంటే నెమ్మదిగా పెరిగింది, ఎముకకి సర్దుకునే టైం దొరికింది. గీత లేకుండా పంచ్ చేసినట్టు ఉంటే కొంచెం తొందరగా పెరిగేది. అంచు ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో తెలియకుండా చెదలు తిన్నట్టు ఉంటే ప్రమాదం, ఒకటి తప్ప. ఆ ఒకటి ఫైబ్రస్ డిస్‌ప్లేసియా (మంచి ఎముక బదులు నారలాంటి ఎముక పెరగడం), దాని అంచు కూడా పక్క ఎముకలో కలిసిపోతుంది, కానీ తిన్నట్టుగా ఉండదు, పాలల్లో నీళ్ళు కలిసినట్టు ఉంటుంది. ఈ తేడా మాటల్లో చెప్పడం కష్టం, యాభై ఫిల్ములు చూస్తే కంటికి అదే వస్తుంది.

మూడోది లోపల ఏముంది, అంతా నలుపా, తెలుపా, రెండూ కలిసా, గదులు గదులుగా ఉందా. నాలుగోది చుట్టాలని ఏం చేసింది. పళ్ళని పక్కకి తోసిందా, వేర్లని కత్తితో కోసినట్టు కొరికేసిందా, నరం కాలువని ఎటు నెట్టింది, కింది అంచుని విల్లులా వంచిందా, పన్ను చుట్టూ ఉండే సన్నటి నల్ల గీత వెడల్పయిందా. ఈ చివరిది గుర్తుపెట్టుకోండి, చిగుళ్ళ జబ్బు లేకుండా ఒకటి రెండు పళ్ళ చుట్టూ ఆ గీత పైనుంచి కిందిదాకా సమానంగా వెడల్పు అయ్యిందంటే ఆస్టియోసార్కోమా అనే ఎముక క్యాన్సర్ మొదలవుతున్న గుర్తు కావచ్చు, అప్పటికి వేరే ఏ మార్పూ కనబడకపోవచ్చు కూడా. పన్ను ఊగుతోందని పీకి పంపించిన తర్వాత ఆ గుంత మానకుండా మాంసం పెరిగి వస్తే అప్పుడు గుర్తొచ్చి లాభం లేదు.

తెల్లగా కనబడేవి

ఒంటరిగా, పన్ను వేరు దగ్గర, చుట్టూ నల్ల గీత ఏమీ లేకుండా తెల్లటి ముక్క, పన్ను బతికుంది, నొప్పి లేదు, ఉబ్బు లేదు: డెన్స్ బోన్ ఐలాండ్, వదిలెయ్యండి. అదే పన్ను చచ్చిపోయి పుప్పి ఉంటే కండెన్సింగ్ ఆస్టైటిస్, పన్నుకి వైద్యం చెయ్యండి, ఎముకకి కాదు. తెల్ల ఉండ పన్ను వేరుకే అతుక్కుపోయి, వేరు గీతే కనబడకుండా, చుట్టూ నల్ల అంచు ఉండి, నొప్పి కూడా ఉంటే సిమెంటోబ్లాస్టోమా, సాధారణంగా కింది మొదటి దవడపన్నుకి, పన్నుతో సహా తీస్తారు. సంచిలో బియ్యం గింజలు పోసినట్టు చిన్నచిన్న పళ్ళు కనబడితే కాంపౌండ్ ఒడొంటోమా, పిల్లాడికి పన్నెండేళ్ళొచ్చినా ముందు పన్ను ఇంకా రాలేదేంటి అని తల్లి తీసుకొస్తే ఫిల్మ్‌లో బయటపడుతుంది, దారికి అడ్డంగా కూర్చుని ఉంటుంది. తీస్తే మళ్ళీ రాదు.

రెండు మూడు వైపులా పళ్ళ వేర్ల దగ్గర దూది ఉండల్లా తెల్లగా, ఒక్కోదాని చుట్టూ సన్నటి నల్ల గీతతో ఉంటే అది కూడా మొదట ఆవిడ కథలో చెప్పిన సిమెంటో ఆసియస్ డిస్‌ప్లేసియానే, ఫ్లోరిడ్ రకం. మొదట నల్లగా మొదలై, మధ్యలో తెల్లటి చుక్కలు పడి, ఏళ్ళు గడిచాక మొత్తం తెల్లబడుతుంది. దీన్ని బయాప్సీ (ముక్క తీసి పరీక్ష) చెయ్యకండి, పళ్ళు పీకకండి, ఇంప్లాంట్ వెయ్యకండి, మరీ తప్పకపోతే తప్ప. తెల్లబడ్డ ఆ ఎముకకి రక్తం సరిగ్గా అందదు, ఒకసారి తెరిచామంటే చీము పట్టి నెలల తరబడి మానదు. పేషెంట్లకి నేను చెప్పేది ఏంటంటే ఈ ఓపీజీ కాపీ ఒకటి దగ్గర పెట్టుకుని, జన్మలో ఏ డెంటల్ డాక్టర్ దగ్గరికి వెళ్ళినా నోరు తెరిచే ముందు అది చూపించండి.

నున్నగా, ఏనుగు దంతం రంగులో, ఎముక మీంచి లేచిన గుండు ఆస్టియోమా. మొహంలో ఎక్కువగా వచ్చేది కనుబొమ్మల వెనక ఫ్రాంటల్ సైనస్‌లో, తర్వాత రెండు కళ్ళ మధ్య ఉండే ఎత్మాయిడ్ సైనస్‌లో. సైనస్ కోసం తీసిన సీటీల్లో నూటికి ఇద్దరు ముగ్గురిలో అనుకోకుండా కనబడుతుంది, దారి మూసెయ్యకుండా, కంటివైపు తోయకుండా ఉంటే చూస్తూ ఊరుకోవడమే. కానీ దవడ మీద ఒకటి కంటే ఎక్కువ ఆస్టియోమాలు కనబడి, పైగా అదనపు పళ్ళో రాని పళ్ళో ఎముకలో ఇరుక్కుని ఉంటే ఫిల్మ్ పక్కన పెట్టి కడుపు గురించి అడగండి. గార్డ్‌నర్ సిండ్రోమ్ అని, ఏపీసీ జీన్‌లో లోపం, పెద్ద పేగులో వందల కొద్దీ పాలిప్స్ వస్తాయి, పట్టించుకోకపోతే 40 ఏళ్ళ వయసుకి అటూఇటుగా అవి పేగు క్యాన్సర్ అవ్వడం దాదాపు ఖాయం. దవడ ఫిల్మ్ చూసి కొలనోస్కోపీకి పంపించడం వింతగా ఉంటుంది గానీ, మన వృత్తిలో ఒక ప్రాణం కాపాడే అవకాశం ఇలా ఎప్పుడో ఒకసారి వస్తుంది.

ఇక ఎక్కువ గొడవ పడేది ఈ రెండింటి దగ్గరే: ఫైబ్రస్ డిస్‌ప్లేసియా, ఒసిఫైయింగ్ ఫైబ్రోమా. మొదటిది బాత్రూం కిటికీకి వేసే మసక గాజులా ఉంటుంది, నారింజ తొక్కలా సన్నటి చుక్కలు, అంచు కలిసిపోతుంది, పై దవడలో ఎక్కువ, ఎముక ఆకారం కొంచెం అలాగే ఉంచి లావెక్కినట్టు చేస్తుంది, చిన్నప్పుడు మొదలై ఎదుగుదల ఆగే వయసుకి మామూలుగా తనూ ఆగుతుంది. కింది దవడలో వస్తే నరం కాలువని పైకి నెడుతుంది, వేరే గడ్డలు మామూలుగా కిందికి నెడతాయి, ఇది మాత్రం పైకి, చాలా పనికొచ్చే గుర్తు. ఒసిఫైయింగ్ ఫైబ్రోమా అలా కాదు, బంతిలా అన్నివైపులా సమానంగా పెరుగుతుంది, చుట్టూ నల్లటి అంచు, దవడ కింది గీతని విల్లులా కిందికి వంచుతుంది, తీస్తే పొత్తు విడినట్టు వచ్చేస్తుంది. రెండింటికీ వైద్యం పూర్తిగా వేరు. ఫైబ్రోమా మొత్తం తీసెయ్యాలి, పిల్లల్లో వచ్చే రకమైతే గబగబా పెరుగుతుంది కాబట్టి ఇంకా తొందరగా. డిస్‌ప్లేసియా అయితే ఎదుగుదల ఆగేదాకా చూసి, అవసరమైతే మొహం సరిచెయ్యడానికి చెక్కుతారు, రేడియేషన్ మాత్రం అసలు ఇవ్వకూడదు, తర్వాత క్యాన్సర్‌గా మారే ముప్పు పెరుగుతుంది. పిల్లకి డిస్‌ప్లేసియా అనుకుంటే ఒంటి మీద పాల కాఫీ రంగు పెద్ద మచ్చలున్నాయా, మరీ చిన్న వయసులోనే పెద్దమనిషి అయ్యిందా అని తల్లిని పక్కకి పిలిచి అడగండి, మెక్‌క్యూన్ ఆల్బ్రైట్ సిండ్రోమ్ అలా బయటపడుతుంది. కంటి నరం దగ్గరకి పాకిందంటే కంటి డాక్టర్ చూపు కొలవాలి, మళ్ళీమళ్ళీ.

నల్లగా, గదులుగా కనబడేవి

జ్ఞానదంతం లోపలే ఉండిపోయి, దాని తలకాయ చుట్టూ నలుపు, ఆ నలుపు పన్ను మెడ దగ్గర అతుక్కుని ఉంటే డెంటిజరస్ సిస్ట్. ఇంతవరకు తేలికే. కాకపోతే కుర్రాళ్ళలో యూనిసిస్టిక్ అమెలోబ్లాస్టోమా కూడా అచ్చం ఇలాగే ఉంటుంది, అందుకే తీసిన సంచిని చెత్తబుట్టలో వెయ్యకుండా పాథాలజీకి పంపించాలి, ప్రతిసారీ, ఎంత ఖచ్చితంగా సిస్ట్ అనిపించినా.

కింది దవడ వెనకభాగంలో సబ్బు నురగలా గదులు, ఎముక బయటికీ లోపలికీ ఉబ్బింది, వేర్లు కత్తిరించినట్టు పోయాయి, వయసు ముప్పై నలభై, నొప్పి లేదు: అమెలోబ్లాస్టోమాని ముందు పెట్టుకోండి. పదింటిలో ఎనిమిది కింది దవడలోనే వస్తాయి. గీకి తీసేస్తే సగానికి పైగా మళ్ళీ వస్తుంది, అందుకే ఎక్స్‌రేలో కనబడే అంచు దాటి ఇంకో 1 నుంచి 2 సెంటీమీటర్ల మంచి ఎముకతో సహా తీస్తారు. పేషెంట్లకి ఇది వినడానికి చాలా కష్టం, నొప్పి కూడా లేని దానికి దవడ కోసేస్తారా అంటారు. వీటిల్లో చాలావాటిలో బీఆర్ఏఎఫ్ అనే జీన్‌లో మార్పు ఉంటుందని 2014లో తేలింది, దాని మీద పనిచేసే మాత్రలు కొన్నిచోట్ల వాడుతున్నారు, ఎంతవరకు సర్జరీకి బదులవుతాయో కాలమే చెప్పాలి.

కెరటోసిస్ట్ కూడా అదే చోట వస్తుంది గానీ తెలివైనది, ఎముకని ఉబ్బించదు, మూలిగలోంచి పొడుగ్గా పాకుతుంది, బయటికి ఏం తెలియదు, ఓపీజీ తీస్తే జ్ఞానదంతం నుంచి కోరపన్ను దాకా సొరంగం. దీన్ని 2005లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళు ట్యూమర్ అన్నారు, 2017లో మళ్ళీ సిస్ట్ అన్నారు, పేరు ఏదైనా తిరగబెట్టే అలవాటు మాత్రం దానికి పోలేదు. ఇలాంటివి ఒకే మనిషిలో రెండు మూడు ఉంటే గోర్లిన్ సిండ్రోమ్ అనే జన్యు జబ్బు గురించి ఆలోచించండి.

ముందు భాగంలో, మధ్య గీత దాటి అటూఇటూ ఉన్నది, ముప్పై లోపు వయసు, అయితే సెంట్రల్ జెయింట్ సెల్ గ్రాన్యులోమా. ఇక్కడ బయాప్సీ రిపోర్ట్ వచ్చినా కథ అయిపోదు, పారాథైరాయిడ్ గ్రంథి ఎక్కువ పనిచేసే వాళ్ళకి వచ్చే బ్రౌన్ ట్యూమర్ మైక్రోస్కోప్‌లో అచ్చం ఇలాగే ఉంటుంది. రక్తంలో కాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, పీటీహెచ్ (పారాథైరాయిడ్ హార్మోన్) చూపించకుండా కత్తి పట్టొద్దు, మెడలో గ్రంథి సరిచేస్తే దవడలోది దానంతటదే తగ్గే అవకాశం ఉంది. డయాలసిస్ మీద ఉన్నవాళ్ళలో అయితే ముందు ఇదే అనుకోండి.

సీటీనా, సీబీసీటీనా, ఎంఆర్ఐనా

ఓపీజీ చూశాక అందరికీ అన్నీ రాయకండి. ఎముక మీద, పళ్ళ మీద, నరం కాలువ మీద ఆ గడ్డ ఏం చేసిందో సన్నగా చూడాలంటే సీబీసీటీ (దవడకీ పళ్ళకీ తీసే కోన్ బీమ్ సీటీ) చాలు, చిన్నదైతే దానికి సరిపడా చిన్న ఫీల్డే అడగండి, మొత్తం తల తీయించక్కర్లేదు. కానీ సీబీసీటీలో కండ తెలియదు, దాని గ్రే నంబర్లు సీటీలో సాంద్రత చెప్పే హౌన్స్‌ఫీల్డ్ నంబర్లలా నమ్మడానికి లేదు, లోపల ఉన్నది నీళ్ళా కండా అని దాని మీద తేల్చకండి. ఎముక పెంకు పగిలి కండలోకి వచ్చిందేమో అన్న అనుమానం ఉన్నా, పై దవడ, సైనస్, కంటిగుంట వైపు ఉన్నా మామూలు సీటీ, అవసరమైతే కాంట్రాస్ట్‌తో, స్లైస్ 1 మిల్లీమీటర్ కంటే సన్నగా, బోన్ విండో, సాఫ్ట్ టిష్యూ విండో రెండూ కావాలని చీటీ మీద రాయండి. కాంట్రాస్ట్ ఇచ్చే ముందు క్రియాటినిన్ చూస్తారు, షుగర్ పేషెంట్ అయితే మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్నారని సెంటర్‌లో చెప్పండి.

ఎంఆర్ఐ లోపలి సరుకు చెప్తుంది. లోపల కండ గట్టిగా ఉండి కాంట్రాస్ట్ పట్టుకుంటే అమెలోబ్లాస్టోమా వైపు, ఉత్త నీళ్ళైతే సిస్ట్ వైపు, గ్లాసులో నీళ్ళు రక్తం విడివిడిగా పేరుకున్నట్టు అడ్డగీతలు కనబడితే అన్యూరిజ్మల్ బోన్ సిస్ట్ వైపు. అయితే ఫైబ్రస్ డిస్‌ప్లేసియాని ఎంఆర్ఐ ఒక్కటే పెట్టి చూస్తే భయంకరమైన ట్యూమర్‌లా కనబడుతుంది, తలనొప్పికి ఎంఆర్ఐ తీసి తల అడుగు ఎముకలో క్యాన్సర్ అని ఇంటిల్లిపాదీ ఏడ్చిన కేసులు ఉన్నాయి, అదే చోట సీటీ తీస్తే మసక గాజు బయటపడి అందరూ నవ్వుకున్నారు. ఒంట్లో ఇంకెక్కడైనా డిస్‌ప్లేసియా ఉందేమో చూడాలంటే బోన్ స్కాన్.

పేషెంట్లకి ఒక మాట, స్కానింగ్ సెంటర్‌లో ఫిల్మ్ షీట్లతో సరిపెట్టుకోకండి, డైకామ్ ఫైళ్ళున్న సీడీనో పెన్ డ్రైవో అడిగి తెచ్చుకోండి. షీటు మీద వాళ్ళు ఎంచుకున్న కొన్ని ముక్కలే ఉంటాయి, సీడీలో మొత్తం ఉంటుంది. రిపోర్ట్ ఫోటో వాట్సాప్‌లో పంపి ఏంటిది సార్ అంటే ఏ రేడియాలజిస్టూ సరిగ్గా చెప్పలేడు. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్, విజయవాడ, కడప ప్రభుత్వ డెంటల్ కాలేజీల్లో ఓరల్ మెడిసిన్ అండ్ రేడియాలజీ అని ఒక డిపార్ట్‌మెంట్ ఉంటుంది, ప్రైవేట్ డెంటల్ కాలేజీల్లోనూ ఉంటుంది, సర్జరీకి ఒప్పుకునే ముందు ఒకసారి అక్కడ చూపించుకోండి. సర్జరీ అవసరం అయితే మీ కార్డు మీద ప్యాకేజీ వస్తుందా లేదా ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రని ముందే అడగండి, అడ్మిట్ అయ్యాక కాదు.

సూది, ఆ తర్వాత ముక్క

నల్లగా కనబడే ఏ గడ్డనైనా తెరిచే ముందు, ఆ చోట పన్ను పీకే ముందు, 18 గేజ్ సూదితో లాగి చూడండి. పన్ను నొక్కితే దిగి లేచే సంగతి అన్నా కదా, అది ఎముక లోపల రక్తనాళాల గడ్డ కావచ్చు, ఫిల్మ్‌లో తేనెపట్టులానో, సూర్యకిరణాల్లానో, ఒక్కోసారి మామూలు సిస్ట్‌లానో ఉంటుంది. తెలియక పన్ను పీకితే ఆగని రక్తంతో కుర్చీలోనే మనిషి పోయే ప్రమాదం ఉంది, అతిగా చెప్పట్లేదు. సిరంజిలోకి ఎర్రటి రక్తం తనంతట తనే పిస్టన్‌ని తోసుకుంటూ వస్తే సూది తీసి గట్టిగా అదిమిపట్టి, పెద్ద ఆసుపత్రికి పంపండి, యాంజియోగ్రామ్ చేసి నాళాన్ని మూసి అప్పుడు సర్జరీ చేస్తారు. గడ్డి రంగు నీళ్ళు వస్తే మామూలు సిస్ట్, తెల్లటి జున్నుముక్కల్లాంటిది వస్తే కెరటోసిస్ట్, ఏమీ రాకపోతే లోపల గట్టి గడ్డ ఉన్నట్టు. ఉత్త గాలి వస్తే, టీనేజ్ కుర్రాడై, పళ్ళ వేర్ల మధ్య అలలు అలలుగా నలుపు పాకి ఉంటే సింపుల్ బోన్ సిస్ట్, పై దవడైతే సైనస్‌లోకి దిగారేమో చూసుకోండి.

బయాప్సీ ఎప్పుడూ స్కాన్లన్నీ అయ్యాకే. ముందే కోస్తే వాపూ రక్తం చేరి స్కాన్ అంతా పాడు. ముక్కని 10 శాతం ఫార్మలిన్‌లో, ముక్కకి పదింతలు ద్రావణం ఉండేలా వెయ్యండి, స్పిరిట్‌లో వేసి పంపితే కణాలు ముడుచుకుపోయి పాథాలజిస్ట్ తల పట్టుకుంటాడు. దాంతోపాటు ఎక్స్‌రే కాపీ, వయసు, గడ్డ ఎక్కడుంది, పళ్ళు బతికున్నాయా, ఇవన్నీ చీటీ మీద రాసి పంపండి. ఎందుకంటే ఫైబ్రస్ డిస్‌ప్లేసియా, ఒసిఫైయింగ్ ఫైబ్రోమా, సిమెంటో ఆసియస్ రకం, మూడూ మైక్రోస్కోప్‌లో దాదాపు ఒకేలా ఉంటాయి, ఫిల్మ్ చూడకుండా ఆయన రాయగలిగేది ఫైబ్రో ఆసియస్ లీజన్ (నారా ఎముకా కలిసిన మార్పు) అని మాత్రమే, ఆ రిపోర్ట్ పట్టుకుని సర్జన్ దగ్గరికి వెళ్తే ఆయన మళ్ళీ మన దగ్గరికే పంపిస్తాడు. రిపోర్ట్‌కీ ఫిల్మ్‌కీ పొత్తు కుదరకపోతే ఏ ఒక్కదాన్నీ నమ్మకండి, సర్జన్, పాథాలజిస్ట్, రేడియాలజిస్ట్ ముగ్గురూ ఫోన్లో అయినా మాట్లాడుకోండి.

వదిలేసిన వాటినీ, తీసిన వాటినీ చూస్తూనే ఉండాలి. సిమెంటో ఆసియస్ రకానికి ఏడాదికో ఓపీజీ, మార్పు లేకపోతే ఇంకా దూరం జరపొచ్చు. కెరటోసిస్ట్ తీసిన మొదటి ఐదేళ్ళలో ఎక్కువగా తిరగబెడుతుంది. అమెలోబ్లాస్టోమా పదేళ్ళ తర్వాత కూడా వచ్చిన దాఖలాలు ఉన్నాయి కాబట్టి నయమైపోయిందని ఊరు మారి ఫైలు పోగొట్టుకోకండి. ప్రతిసారీ అదే సెంటర్‌లో అదే మెషీన్ మీద తీయిస్తే పోల్చడం తేలిక, ఓపీజీలో ఏదైనా 20 నుంచి 30 శాతం పెద్దదిగా కనబడుతుంది, మెషీన్ మారితే ఆ లెక్క కూడా మారి, పెరగని గడ్డ పెరిగినట్టు అనిపిస్తుంది. ఫిల్మ్ షీట్లని గాడ్రెజ్ బీరువాలో చీరల కింద మడత పెట్టి దాచేవాళ్ళున్నారు, మడత పడ్డ చోట తెల్లగీత వచ్చి ఫ్రాక్చర్‌లా కనబడుతుంది, చదునుగా కవర్లో పెట్టండి, మీద తేదీ రాయండి.